అక్టోబరులో ఫినాలే లిగురె: టైర్లు, బ్రేకులు, రాయి సంగతి చెప్పండి

గేర్‌కొండ (బెంగళూరు, యలహంక)

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండో వారంలో నలుగురం మౌంటెన్ బైకింగ్‌కి, అంటే కొండదారుల్లో సైకిలు తొక్కడానికి, ఇటలీలోని ఫినాలే లిగురెకి వెళ్తున్నాం. లిగూరియా తీరంలో, జెనోవాకీ నీస్‌కీ మధ్య ఉన్న ఊరు. ఐదు రోజులు తొక్కాలని ప్లాను. అందరమూ వారాంతాల్లో అవలహళ్ళి అడవి దారుల్లో తిరిగేవాళ్ళమే. ఇద్దరికి 120 మి.మీ. సస్పెన్షన్ ముందు మాత్రమే ఉన్న హార్డ్‌టెయిల్, ఇద్దరికి ముందూ వెనకా 140 మి.మీ. ఉన్న ఫుల్ సస్పెన్షన్. బరువులు 62 నుంచి 84 కిలోల దాకా.

వీడియోల్లో అందరూ గాల్లో ఎగురుతూనే ఉంటారు గానీ ఏ టైరు, ఎంత గాలి అన్నది ఒక్కరూ చెప్పరు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. సొంత బైకులు మోసుకెళ్ళాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా? అక్కడి రాయి మన తురహళ్ళి బండల్లాంటిదేనా? బ్రేకులు మార్చుకోవాలా? ఇంకో పది వారాలుంది, బెంగళూరులోనే ఉండి దేనికి సిద్ధపడాలి? అక్టోబరు వానలెలా ఉంటాయి?

"జాగ్రత్తగా వెళ్ళి రండి" అనేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉన్నారు. మీరు లెక్కలు చెప్పండి.

రాతిజాడ (బెంగళూరు)

ముందు రాయి గురించి తేల్చుకుందాం, మీ మిగతా ప్రశ్నలకు సగం జవాబు అందులోనే ఉంది.

తురహళ్ళి అయినా లాల్‌బాగ్ బండ అయినా నైస్, గ్రానైటు జాతి రాయి. అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలుంటాయి. మోస్ కాఠిన్య కొలతలో ఒకటి 7, ఇంకోటి 6. ఎన్నేళ్ళు టైర్లు రుద్దినా ఆ గరుకు పోదు, అందుకే తడిగా ఉన్నా మన బండ మీద టైరు నిలబడుతుంది. ఫినాలేలో కింది సగమంతా సున్నపురాయి. కాల్సైట్ కాఠిన్యం 3. టైర్లూ బూట్లూ ఎక్కువగా తిరిగిన చోట అది పాలిష్ పట్టినట్టు నున్నబడిపోతుంది. తాండూరు బండలు పరిచిన పెరట్లో వాన పడ్డాక నడిచినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు, అదీ సున్నపురాయే.

పొడిగా ఉంటే కథ మారుతుంది. బాగా అరగని చోట ఈ రాయి గ్రానైటుతో సమానంగా పట్టు ఇస్తుంది. మరి చిక్కెక్కడంటే, వాన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దాంతో గుంటలు పడి, వాటి మధ్య పళ్ళలాంటి అంచులు మిగులుతాయి. టైరు సైడ్‌వాల్‌ని, అంటే పక్క గోడని, కోసేవి అవే. మన దగ్గర పంచరంటే ముల్లు, అక్కడ పంచరంటే కోత. ముల్లు చేసిన కన్నాన్ని టైరులో పోసే సీలెంట్ ద్రవం మూస్తుంది, రెండు సెంటీమీటర్ల కోతని మూయలేదు.

పైన నేల వేరు. పాత నేటో స్థావరం ఉన్న కొండ సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్లు. మనుషుల్నీ బైకుల్నీ పైకి చేర్చే షటిల్ వ్యాన్లు చాలావరకు అక్కడికే ఎక్కిస్తాయి. అక్కడ చెస్ట్‌నట్ లాంటి ఆకు రాల్చే చెట్ల అడవి, మెత్తటి మట్టి, వేర్లు. దిగే కొద్దీ చెట్లు పోయి మాకియా అనే పొదలడవి వస్తుంది: రోజ్‌మేరీ, థైమ్, పొట్టి ఓక్ చెట్లు, వాటి మధ్య తెల్లరాయి. ఒకే దిగుడులో రెండు నేలలు. పైన మట్టి మీద హాయిగా అనిపించిన టైరు గాలి కింద రాయి మీద రిమ్‌ని సొట్ట పెడుతుంది. గాలి ఎప్పుడూ కింది భాగానికి సరిపోయేలా పెట్టుకోవాలి, పైభాగానికి కాదు.

అక్టోబరులో ఇంకో సంగతి. రాలిన ఆకులు వేర్లనీ రాళ్ళనీ కప్పేస్తాయి. దారి చదునుగా కనిపిస్తే నమ్మకండి.

ట్రైల్ (బైకు దారి) గుర్తుల్లో ఇటలీ ఆల్పైన్ క్లబ్ కొలత కనిపించొచ్చు, తేలిక నుంచి కష్టం దాకా: టీసీ, ఎంసీ, బీసీ, ఓసీ, ఈసీ. నవ్వకండి, ఇక్కడ బీసీ అంటే మంచి నైపుణ్యం కావాలని, ఓసీ అంటే చాలా మంచి నైపుణ్యం కావాలని. మధ్యలో అడ్డగీత ఉంటే మొదటిది ఎక్కుడుకి, రెండోది దిగుడుకి. అంటే ఎంసీ/ఓసీ అని ఉంటే ఎక్కడానికి పర్లేదు గానీ దిగడానికి గట్టివాళ్ళకే. పక్కన ప్లస్ గుర్తుంటే నిటారు ముక్కలు ఉన్నట్టు. అవలహళ్ళి అలవాటుతో మొదటి రోజు దిగుడు ఎంసీ, రెండో రోజు బీసీ. ఓసీ జోలికి మూడో రోజు దాకా పోవద్దు.

ట్యూబ్‌లెస్ తాత (బెంగళూరు, జేపీ నగర్)

టైర్ల సంగతి నాకు వదిలేయండి.

మీ బైకులతో వచ్చిన టైర్లు పల్చటి కేసింగ్‌వి (టైరు ఒళ్ళు) అయి ఉంటాయి. మాక్సిస్ కంపెనీ భాషలో ఎక్సో. అవి ఫినాలేకి పనికిరావు. ముందు చక్రానికి కనీసం కాస్త మందమైన ఎక్సో ప్లస్, వెనక చక్రానికి ఇంకా మందమైన డబుల్‌డౌన్ ఉండాలి. ష్వాల్బె అయితే వెనక సూపర్ గ్రావిటీ. ఒక్కో టైరుకి రెండు మూడు వందల గ్రాములు పెరుగుతుంది. ఎక్కేటప్పుడు తెలుస్తుంది, నిజమే. మధ్యాహ్నం దాకా దారి పక్కన కూర్చుని టైరు కుట్టుకోవడం కన్నా నయం. టైరు మోడళ్ళంటే, ముందు అస్సెగాయ్ 2.5 అంగుళాలది, మెత్తటి మాక్స్‌గ్రిప్ రబ్బరుతో. వెనక మినియన్ డీహెచ్ఆర్ టూ 2.4, కొంచెం గట్టి మాక్స్‌టెర్రాతో. రెండిటికీ మెత్తటిది పెడితే వెనకది వారంలో అరిగి ముద్దవుతుంది, సున్నపురాయి మీద బ్రేకు పడేది ఎక్కువ వెనకే కాబట్టి.

గాలి లెక్క. 30 మి.మీ. లోపలి వెడల్పు రిమ్, ఇన్సర్ట్ (టైరు లోపల పెట్టే నురగ పట్టీ) లేదు, 70 కిలోల మనిషి అనుకుంటే ముందు 22, వెనక 26 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. 62 కిలోలాయన 20.5, 24. 84 కిలోలాయన 24.5, 28.5. హార్డ్‌టెయిల్ అయితే వెనక ఇంకో 2 కలపండి, దెబ్బ మింగే షాక్ లేదు కాబట్టి. అక్కడి పంపుల మీద బార్‌లో ఉంటుంది. 14.5 పీఎస్‌ఐ ఒక బార్, కాబట్టి 22 అంటే 1.5, 26 అంటే 1.8. చేత్తో నొక్కి చూసి "సరిపోతుందిలే" అనే పద్ధతి ఇక్కడ నడవదు. ఒక్క పీఎస్‌ఐ తేడా కూడా తెలిసే చోటు అది. డిజిటల్ గేజ్ ఒకటి నలుగురికీ చాలు.

ఎక్కువ తక్కువలు ఎలా తెలుస్తాయంటే, మొదటి దిగుడయ్యాక రిమ్ అంచు వేలితో తడిమి చూడండి. కొత్త నొక్కు తగిలితే 1.5 పెంచండి. రిమ్ దెబ్బ తినకపోయినా మలుపులో టైరు ఒరిగినట్టు, రబ్బరు కింద నలిగినట్టు అనిపిస్తే 1 పెంచండి. రాళ్ళ మీద బైకు బంతిలా ఎగిరెగిరి పడితే 1 తగ్గించండి. ఇంతకుమించి శాస్త్రం లేదు.

సీలెంట్ 29 అంగుళాల 2.5 టైరుకి 120 మి.లీ. బెంగళూరు వేసవి ఒకటి గడిచిందంటే లోపలిది గట్టిపడి ఉంటుంది. బైకు తీసుకెళ్ళేట్టయితే బయల్దేరే ముందు టైరు ఒక వైపు విప్పి, ఎండిన పొరలు పీకేసి, కొత్తది పోయాలి. ఊపి చూసి గలగల వినిపించింది కదా అనుకోవద్దు, ఆ చప్పుడు 30 మి.లీ.కి కూడా వస్తుంది.

కోత పడితే ఏం చేయాలి? అర సెంటీమీటరు లోపు అయితే ప్లగ్గు, అంటే కోతలో దూర్చే రబ్బరు పట్టీ. ఒకటి చాలకపోతే రెండు కలిపి తోయండి. అంతకు పెద్దదైతే లోపల అడ్డుముక్క పెట్టి ట్యూబు వేయాలి. అడ్డుముక్కకి పాత టైరు సైడ్‌వాల్ నుంచి 5 సెం.మీ. ముక్క ఇక్కడే కోసి పట్టుకెళ్ళండి. ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలికి గుడ్డ చుట్టుకుని తడమండి. ఇది చాలామంది మర్చిపోతారు. బెంగళూరులో దిగిన తుమ్మ ముళ్ళు సీలెంట్ పుణ్యమా అని నెలల తరబడి టైరులోనే ఉంటాయి, ట్యూబు పెట్టగానే పొడుస్తాయి. ట్యూబు వేయాలంటే ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసేయాలి, దాని నట్టు బిగుసుకుపోయి చేత్తో రాకపోతే అప్పుడు చిన్న పట్టకారు కావాలి. వాల్వ్ నట్లని ఇంటి దగ్గరే ఒకసారి విప్పి, వేళ్ళతో వచ్చేంత మాత్రమే బిగించండి.

చైన్‌లింక్ (చెన్నై, వేళచ్చేరి)

తాతగారు అన్నదానికి ఒకటి కలుపుతా. వెనక చక్రానికి ఇన్సర్ట్ పెడితే పైన చెప్పిన గాలిలో 2 నుంచి 3 తగ్గించొచ్చు, రిమ్ బతుకుతుంది. కానీ ఇన్సర్ట్ కోతని ఆపదు. పల్చటి టైరులో ఇన్సర్ట్ పెట్టి ధీమాగా ఉండేవాళ్ళున్నారు, వాళ్ళకే ఇది. పైగా ఇన్సర్ట్ ఉన్న టైరుని దారి మధ్యలో విప్పి ట్యూబు వేయడానికి చేతుల్లో బలం కావాలి. ముందు కేసింగ్, తర్వాతే ఇన్సర్ట్.

ఇక బ్రేకులు. 1000 మీటర్ల దిగుడంటే ఇరవై నిమిషాల పైమాటే. బెంగళూరు చుట్టుపక్కల తొక్కే బైకు అంతసేపు వేడెక్కదు, అందుకే ఇక్కడ బాగున్న బ్రేకు అక్కడ చేతికి మెత్తబడిపోతుంది. ముందు డిస్కు 200 లేదా 203 మి.మీ., వెనక కనీసం 180. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ నాలుగు పిస్టన్లదైతే మంచిది. ప్యాడ్లు సింటర్డ్ రకం, అంటే లోహపు పొడితో చేసినవి. రెసిన్ ప్యాడ్లు చప్పుడు లేకుండా మెత్తగా పడతాయి గానీ వేడికి పైన గాజులా పొర కడతాయి. తడి మట్టి తగిలిందా, రోజుకే సగం అరుగుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హార్డ్‌టెయిల్ అన్నల డిస్కుల మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉందేమో చూసుకోండి. షిమానో చవక డిస్కులకి అది ఉంటుంది. వాటి మీద సింటర్డ్ ప్యాడ్ వేస్తే డిస్కునే తినేస్తుంది. డిస్కు మందం కూడా కొలవండి. షిమానోవి 1.5 మి.మీ. కన్నా, స్రామ్‌వి 1.55 కన్నా (మందపాటి హెచ్ఎస్2 రకమైతే 1.7 కన్నా) పల్చబడితే మార్చాల్సిందే. కొలవడానికి మైక్రోమీటరో వెర్నియరో కావాలి, గోరుతో గీకి చూస్తే తేలదు. వెర్నియర్ దవడలు డిస్కు అంచున అరగని చోట ఆనితే తప్పు లెక్క వస్తుంది, ప్యాడ్ తగిలే చోటే కొలవాలి.

కొత్త ప్యాడ్లు వేశాక అలవాటు చేయాలి. తారు రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి తగ్గించాలి, చక్రం ఆగిపోకూడదు. ఒక్కో బ్రేకుకి విడిగా ఇరవైసార్లు. చెన్నై చుట్టుపక్కల వాళ్ళకి ఏలగిరి ఘాటు ఇందుకు బాగుంటుంది, 14 హెయిర్‌పిన్లు. మీకు నంది కొండ ఉండనే ఉంది.

డాట్ అనే రకం బ్రేకు ఆయిల్ ఉన్నవాళ్ళు ఇది చదవండి. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు 260 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకుంటూ పోతే ఆ హద్దు 180కి పడిపోతుంది. చెన్నై తేమలో ఏడాది దాటిన ఆయిల్‌తో అంత పొడుగు దిగుడు దిగడం మంచిది కాదు, మార్చి, బ్రేకు గొట్టంలో చిక్కిన గాలి తీయించండి. షిమానో మినరల్ ఆయిల్ తేమ పీల్చదు, అయినా నల్లబడి ఉంటే మార్చండి. ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లో పోశారంటే సీళ్ళు ఉబ్బి మొత్తం బ్రేకు పోతుంది. బాటిల్ మీద పేరు చూడకుండా పోసే మెకానిక్‌లు ఏ ఊళ్ళోనైనా ఉంటారు.

పెట్టెబైకు (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

అద్దెకా, సొంతమా అన్నదానికి నా ఓటు నలుగురికీ అద్దెకే.

హార్డ్‌టెయిల్‌తో ఫినాలే దిగలేమా అంటే దిగొచ్చు. ఐదు రోజుల్లో రెండు రోజులకే మోకాళ్ళూ అరచేతులూ మొరాయిస్తాయి. ఆ ఊరు బతికేదే ఈ బైకుల మీద. 2013లో ఎండ్యూరో (పొడుగు దిగుళ్ళ పోటీ) వరల్డ్ సిరీస్ మొదటి సీజన్ ఆఖరి పోటీ జరిగింది అక్కడే. 160, 170 మి.మీ. ఎండ్యూరో బైకులు, మందపాటి టైర్లతో సహా, అద్దెకు దొరుకుతాయి.

140 మి.మీ. వాళ్ళు తీసుకెళ్ళాలనుకుంటే లెక్క చూసుకోండి. బైకు 15 కిలోలు, సంచీ 8 కిలోలు. అక్కడికే 23 అయిపోయింది, చాలా టికెట్లలో ఒక సామానుకి హద్దు అదే. ఇంకా హెల్మెట్, ప్యాడ్లు, బట్టలు వేరే పెట్టెలో. మిలాన్ నుంచో నీస్ నుంచో రైల్లో ఆ పెట్టె ఈడ్చుకుంటూ తిరగడం ఇంకో తలనొప్పి.

అయినా తీసుకెళ్తామంటారా, సరే. గేర్లు మార్చే వెనక డెరైల్యూర్‌ని, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్‌తో సహా విప్పి, గుడ్డ చుట్టి, వెనక త్రికోణం లోపల జిప్‌టైతో కట్టండి. పెట్టె పడేస్తే మొదట వంగేది ఆ హ్యాంగరే. అదనంగా ఒక హ్యాంగర్ మీ ఫ్రేము మోడల్‌కి సరిపడేది కొనుక్కోండి, ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకోవద్దు, మోడల్ మోడల్‌కీ అది వేరు. డిస్కులు విప్పి రెండు అట్టల మధ్య పెట్టండి. ఆరు బోల్టుల రకమైతే టీ25 కీ, మళ్ళీ బిగించేటప్పుడు 6 న్యూటన్ మీటర్లు. మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్ అయితే 40. చక్రం తీశాక కాలిపర్‌లో ప్లాస్టిక్ ముక్క పెట్టండి, లేకపోతే దారిలో లివర్ నొక్కుకుపోయి పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది.

ఒకటి మాత్రం ఖాయంగా చేయండి. బెంగళూరు విమానాశ్రయంలో చెక్-ఇన్‌కి ముందే కస్టమ్స్ కౌంటర్లో బైకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. బిల్లు, ఫ్రేము నంబరు ఫోటో దగ్గరుంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నదేనా" అని అడిగితే చూపించడానికి అదే కాగితం. ఈ-బైకు ఆలోచనైతే మర్చిపోండి. 160 వాట్ అవర్ దాటిన బ్యాటరీని ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు, ఈ-బైకు బ్యాటరీ దానికి మూడు నాలుగు రెట్లుంటుంది.

అద్దెకైతే ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళాల్సినవి: ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, బూట్లు, మీ సొంత పెడళ్ళు, షాక్ పంపు, గాలి గేజ్. బైకు చేతికివ్వగానే రిమ్‌ల మీద ఉన్న పాత సొట్టలన్నీ వాళ్ళ ముందే ఫోటో తీయండి, తిరిగిచ్చేటప్పుడు పేచీ ఉండదు. శాగ్, అంటే మీ బరువుకి సస్పెన్షన్ దిగే కొలత, అక్కడే పెట్టించుకోండి. ప్యాడ్లు, బూట్లు, నీళ్ళ సంచీ అన్నీ వేసుకుని కూర్చున్నప్పుడు వెనక షాక్ 28 నుంచి 30 శాతం, ముందు ఫోర్కు నిల్చున్నప్పుడు 18 నుంచి 20 శాతం కిందికి వెళ్ళాలి.

గేర్‌కొండ

రాతిజాడ గారూ, తాతగారూ, భలే విషయాలు చెప్పారు. అద్దెకే ఖాయం చేసుకున్నాం. రెండు అనుమానాలు. మాలో ముగ్గురికి ముందు బ్రేకు కుడిచేతికి ఉంది. అద్దె బైకులకి ఎలా ఉంటుంది? రెండోది, ఇరవై నిమిషాల దిగుడంటే చేతులు తట్టుకుంటాయా? అవలహళ్ళిలో ఏ దిగుడైనా నిమిషాల్లో అయిపోతుంది.

చైన్‌లింక్ (చెన్నై, వేళచ్చేరి)

మంచి ప్రశ్న, చాలామందికి అక్కడ దిగాక గానీ తట్టదు. మోటర్‌సైకిల్ అలవాటుతో మనం ముందు బ్రేకు కుడిచేతికి పెట్టుకుంటాం. ఇటలీలో సైకిళ్ళకి ముందు బ్రేకు ఎడమచేతికి. మామూలుగా తొక్కేటప్పుడు గంటలో అలవాటైపోతుంది. ఇబ్బంది కంగారులో వస్తుంది. వెనకది అనుకుని ఎడమది గట్టిగా లాగారంటే హ్యాండిల్ మీంచి ముందుకి పడ్డట్టే.

బుక్ చేసేటప్పుడే మెయిల్‌లో రాయండి: ముందు బ్రేకు కుడివైపుకి మార్చి ఇవ్వాలి అని. ఇంగ్లండు వాళ్ళకీ ఇదే అలవాటు, కాబట్టి షాపులకి కొత్త కోరికేం కాదు. కేబుళ్ళు ఫ్రేము లోపలి నుంచి పోయే బైకుల్లో బ్రేకు గొట్టం విప్పి మళ్ళీ బిగించి అందులో గాలి తీయాలి, దానికి టైము పడుతుంది. అందుకే వెళ్ళాక కాదు, ముందే చెప్పాలి. ఒప్పుకోకపోతే ఇప్పట్నుంచే మీ బైకుకి బ్రేకులు అటూఇటూ మార్పించి పది వారాలు తొక్కండి. మొదటిదానికన్నా నాకు నచ్చిన దారి ఇదే, ఆ తర్వాత ఎక్కడ అద్దెకు తీసుకున్నా పనికొస్తుంది.

లివర్లు ఒంటి వేలితో అందేంత దగ్గరికి జరపండి. చూపుడు వేలు మొదటి కణుపు లివర్ కొసన ఉన్న వంపులో కూర్చోవాలి, మిగతా మూడు వేళ్ళు హ్యాండిల్‌ని వదలకూడదు. రెండు వేళ్ళతో బ్రేకు పట్టేవాళ్ళకి ముంజేతులు ముందు పోతాయి.

నందిదిగుడు (బెంగళూరు, దేవనహళ్ళి)

పది వారాల సంగతి నేను చెప్తా.

నంది ఎక్కడం గురించి ఎవరైనా చెప్తారు. ఊపిరికి అది మంచిదే, వారానికోసారి ఎక్కండి. కానీ షటిల్ ఉన్న చోట మిమ్మల్ని ముందు దించేది ఊపిరి కాదు, పట్టు. చేతులు బిగుసుకుపోయి వేళ్ళు తెరుచుకోవు, అప్పుడు బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

వారానికి మూడుసార్లు కడ్డీకి వేలాడండి, 40 సెకన్ల చొప్పున మూడు దఫాలు. అవలహళ్ళిలో ఒక రౌండు మొత్తం సీటు మీద కూర్చోకుండా తొక్కండి. మొదట ఐదు నిమిషాలు, పదో వారానికి పదిహేను. సీటు పోస్టు పూర్తిగా కిందికి దించి. బరువు పాదాల్లో ఉండాలి, మడమలు కిందికి, చేతులు హ్యాండిల్‌ని ఊరికే పట్టుకున్నట్టు. తొడలు మండితే సరిగ్గా నిలబడ్డట్టు. అరచేతులు మండితే బరువు చేతుల మీద పడుతున్నట్టు.

బ్రేకు ఎప్పుడు పట్టాలన్నది ఇక్కడే నేర్చుకోవచ్చు. దారిలో బండరాయి ఉన్న దిగుడు ఒకటి చూసుకోండి. రాయికి రెండు మీటర్ల ముందు మట్టి మీద గట్టిగా బ్రేకు పట్టి, రాయి మీదికి టైరు ఎక్కేలోపు పూర్తిగా వదిలేయాలి. రాయి దాటాక మళ్ళీ పట్టాలి. పైనించి కిందిదాకా కొంచెం కొంచెం పట్టుకునే ఉంటే డిస్కు చల్లబడే సందే ఉండదు, తడి సున్నపురాయి మీద అయితే చక్రం జారుతుంది. తురహళ్ళి బండ మీద తప్పు పద్ధతి కూడా పనిచేస్తుంది, అదే గొడవ. రాయి మనల్ని క్షమించేసి చెడు అలవాటు నేర్పుతుంది.

ఇంకోటి, ఇరుకు మలుపులు. పాత కంచరగాడిదల దారులు చాలాచోట్ల ట్రైల్స్ అయ్యాయి, వాటి మలుపులు మనిషీ గాడిదా తిరగడానికి కట్టినవి. మీ అపార్ట్‌మెంటు పార్కింగులో ఒక కారు గడి పొడవు సుమారు 5 మీటర్లు. ఆ వెడల్పులో కాలు కింద పెట్టకుండా వెనక్కి తిరగడం నేర్చుకోండి. కుడికీ ఎడమకీ రెండూ. అందరికీ ఒక పక్క బాగా వస్తుంది, రెండో పక్క రాదు. వచ్చాక 4 మీటర్లకి తగ్గించండి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు దాటాక వెళ్ళాల్సిన చోట ఉండాలి. సెక్యూరిటీ అతను వింతగా చూస్తాడు, పట్టించుకోకండి.

రాతిజాడ (బెంగళూరు)

వానల ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నేనే చెప్తా.

అక్టోబరు, నవంబరు లిగూరియాలో కుండపోత వానల కాలం. వేసవంతా కాగిన సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. దక్షిణపు గాలి ఆ తేమని తెచ్చి, తీరం నుంచి నేరుగా లేచిన కొండలకి కొడుతుంది. కొన్ని గంటల్లోనే విపరీతంగా కురిసి వాగులు ఒక్కసారిగా పొంగుతాయి. ప్రాంతీయ ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు అని హెచ్చరికలిస్తుంది. పసుపు ఉంటే షటిల్ వాళ్ళని అడిగి నిర్ణయించుకోండి. నారింజ, ఎరుపు ఉంటే బైకు బయటికి తీయొద్దు, లోయల్లోకి అసలే పోవద్దు. ఐదు రోజుల్లో ఒకటి వానకి పోతుందని ముందే లెక్కేసుకుని, షటిల్ మూడు రోజులకే బుక్ చేయండి.

వాన వెలిశాక ఉత్తరపు గాలి వీస్తే ఎండ తగిలే సున్నపురాయి మర్నాటికి ఆరిపోతుంది. చెట్ల నీడన ఉన్నది ఆరదు. ఎండలోంచి నీడలోకి దూరే చోట వేగం తగ్గించండి, జారేది సరిగ్గా అక్కడే.

ఇవి ఫోన్లో పెట్టుకోండి. అత్యవసర నంబరు 112. ఇటలీ పర్వత రక్షణ దళం వాళ్ళ జియోరెస్‌క్యూ యాప్ మీరున్న చోటుని వాళ్ళకి పంపుతుంది. షెంగెన్ వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి ఎలాగూ కొంటారు, కానీ అది వీసాకి సరిపోతే చాలని కొనకండి. కొండ మీద సైక్లింగ్ ఆ పాలసీలో ఉందో, మినహాయింపుల్లో ఉందో చదివి కొనండి. "సాహస క్రీడలు" అన్న వరుసలో కొట్టేసి ఉంటే మీకది చిత్తుకాగితమే.

శరదృతువులో అడవిపందుల వేట కూడా నడుస్తుంది. దారి మొదట్లో వేట బోర్డు కనిపిస్తే ఆ ట్రైల్ ఆ రోజుకి వదిలేయండి. నల్లటి జెర్సీలు మానేసి నారింజ, పసుపు రంగులు వేసుకోండి.

దారి పక్కన సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలుంటాయి, పాత మెట్ల సేద్యం తాలూకువి. ఆ కట్టడపు పనితనాన్ని 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి మీదనుంచి గెంతొద్దు. ఒక రాయి కదిలితే పై వరస మొత్తం జారుతుంది, ఆ కింద ఎవరిదో ఆలివ్ తోట ఉంటుంది.

పెట్టెబైకు (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

షటిల్ లేని రెండు రోజులకి: ఒకటి మానీ పీఠభూమి మీద తొక్కుకుంటూ తిరగండి, ఎత్తు తక్కువ, కాళ్ళకి పని. అక్కణ్ణుంచి వరిగొట్టి వైపు దిగే డీహెచ్ మెన్ లాంటి ట్రైల్స్ ఉన్నాయి, అవి గట్టివాళ్ళకి మాత్రమే, మొదటి రోజు ముట్టుకోకండి. రెండోది పోంచి లోయ. క్రీ.పూ. 13లో వేసిన రోమన్ దారి, వియా యూలియా ఆగస్టా, ఆ లోయలోంచే పోయింది, దాని పాత వంతెనలు ఇప్పటికీ ఉన్నాయి. తేలిక దారి, ఒళ్ళు నొప్పులున్న రోజుకి సరిపోతుంది.

శాకాహారులుంటే ఫరినాటా అడగండి, అచ్చం శెనగపిండి అట్టే, ఓవెన్‌లో కాల్చింది. పెస్తో అనే ఆకుపచ్చడిలో కలిపే జున్నుకి, పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు, పట్టింపున్నవాళ్ళు చూసుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా చిన్న షాపులు మూసేస్తారు, బైకు షాపులతో సహా. బ్రేకు ప్యాడ్లు అయిపోతే పొద్దున్నే కొనాలి, కాబట్టి ప్రతి సాయంత్రం చక్రం తీసి ప్యాడ్ మందం చూసుకోండి. ప్యాడ్ పదార్థం 1 మి.మీ.కి దిగితే అర మి.మీ. దాకా ఆగకుండా మర్నాడు షటిల్ ఎక్కేలోపే మార్చేయండి. మీ బైకు కాలిపర్ మోడల్ నంబరు ఫోటో తీసుకుని షాపుకి వెళ్ళండి, నాలుగు పిస్టన్ల ప్యాడ్లు రెండు పిస్టన్ల కాలిపర్‌లో పట్టవు.